ఆన్ చేయగానే పలకని కీబోర్డు: నేను సరిచేసిన తీరు

విండోస్ వచ్చాక కీబోర్డు చక్కగా పనిచేస్తుంది. కానీ కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్, ఎఫ్2 ఎంత నొక్కినా బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) తెరుచుకోదు. విండోస్, లినక్స్‌లలో ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో బాణం కీలూ పనిచేయవు. దీనికోసం కొత్త కీబోర్డు మాత్రం కొనకండి. విండోస్‌లో పనిచేస్తోందంటే కీబోర్డు, కేబుల్ బాగున్నట్టే. విండోస్ తన యూఎస్‌బీ డ్రైవర్‌ను లోడ్ చేసుకునే దాకా కీబోర్డును చూసుకోవాల్సింది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్. తేడా అక్కడుంది.

నా డెస్క్‌టాప్‌లో కారణం బయోస్‌లోని ఫాస్ట్ బూట్. సమయం కలిసొస్తుందని అది యూఎస్‌బీ పరికరాలను గుర్తించే పనిని దాటేస్తుంది. బయోస్‌లోకి వెళ్లడానికి విండోస్ నుంచే దారుంది: సెట్టింగ్స్‌లో రికవరీ తెరిచి, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దగ్గర రీస్టార్ట్ నౌ నొక్కాలి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆపైన యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. ఇదంతా మౌస్‌తోనే అవుతుంది. లోపల ఫాస్ట్ బూట్ డిజేబుల్, లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ (విండోస్ రాకముందే యూఎస్‌బీ కీబోర్డును పనిచేయించేది) ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేశాను. గ్రబ్‌లో కీలు వెంటనే పలికాయి.

ఆ దారి కనిపించని పాత బోర్డులకు పీఎస్/2 కీబోర్డు (యూఎస్‌బీ కాకుండా గుండ్రటి ప్లగ్ ఉండే పాత రకం) నమ్మకమైన మందు. అయితే కంప్యూటర్ ఆపేశాకే దాన్ని గుచ్చాలి. అదీ లేకపోతే ప్లగ్ పీకేసి, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి.

యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం) వాడుతుంటే తీసేసి, కీబోర్డును వెనక వైపు యూఎస్‌బీ 2.0 పోర్టుకే నేరుగా పెట్టండి. బ్లూటూత్ కీబోర్డులు ఈ దశలో సాధారణంగా పనిచేయవు.