పాత పికప్ పొద్దున స్టార్ట్ కాదా, లోడుకు గుంజదా? డీజిల్ పంపు విప్పేముందు ఇవి చూడండి

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర లోడు బండి ఆగిపోతే చుట్టూ చేరినవాళ్లు చెప్పే మాట ఒకటే: "పంపు పోయిందన్నా." నిజానికి పంపు అంత తేలిగ్గా పోదు. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే దారిలో ఎక్కడో గాలి, నీళ్లు, చెత్త చేరితే బండి అచ్చం పంపు పోయినట్టే ప్రవర్తిస్తుంది. ఆ దారి చూసుకోవడానికి కొన్ని పానాలు, ఒక అడుగు పారదర్శక పైపు, ఖాళీ బాటిళ్లు చాలు. పంపు విప్పి, పంపులు పరీక్షించి బాగుచేసే ల్యాబ్‌కు పంపితే మాత్రం వేలల్లో బిల్లు.

ముందు మీది ఏ రకం ఇంజనో తేల్చుకోండి. బొలేరో పికప్‌లోనే రెండు రకాలూ వచ్చాయి. బానెట్ లేపి చూస్తే, పంపు నుంచి నాలుగు స్టీలు పైపులు సూటిగా నాలుగు నాజిళ్లకు పోతే అది పాత మెకానికల్ పంపు. పంపు నుంచి పైపు ముందు లావుపాటి ఉక్కు గొట్టంలోకి పోయి, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు చీలి, ఒక్కో ఇంజెక్టర్ నెత్తిన వైరు కనెక్టర్ కనబడితే కామన్ రైల్, అంటే మనం సీఆర్‌డీఐ అనేది.

ఈ తేడా ప్రాణం మీదికి తెచ్చే తేడా. మెకానికల్ బండికి ఇంజను నడుస్తుండగా నాజిల్ నట్టు వదులు చేసి చూడటం మన మెకానిక్‌లకు అలవాటే. సీఆర్‌డీఐకి ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ఆ ఉక్కు గొట్టంలో, అంటే రైలులో, ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా అది వెంటనే పెద్దాసుపత్రికి పోవాల్సిన కేసు. ఇంజను ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఆగి, ప్రెషర్ దిగాకే పానా పెట్టండి. లీకు ఎక్కడుందో వేలితో వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

"పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ సచ్చిపోవుడే, ఒక్కసారి లేచిందంటే దినమంతా మంచిగనే"

ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే, ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే. రాత్రంతా బండి నిలబడ్డప్పుడు లైన్‌లోకి గాలి చొరబడి, పైపులో ఉన్న డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు పీల్చేది గాలినే.

తేల్చుకోవడం సులువు. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టర్ మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది) నొక్కండి. మొదట మెత్తగా, ఖాళీగా ఆడి, చాలా నొక్కులకు గట్టిపడి, ఆ తర్వాత ఒక్క సెల్ఫ్‌కే ఇంజను లేస్తే డీజిల్ జారిపోతున్నట్టే. ఇంకో పరీక్ష: ఒక రాత్రి బండి ముక్కు పల్లానికి ఉండేట్టు నిలపండి. ఆ పొద్దున మాత్రం ఠక్కున స్టార్ట్ అయితే అనుమానమే అక్కర్లేదు.

"లీకు ఎక్కడా లేదు, చుక్క పడతలేదు" అంటారు. పడదు మరి. ఫిల్టర్‌కు ముందున్న లైన్ పీల్చే లైన్. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు, బయటికి ఏమీ కారదు, లోపలికి గాలి వస్తుంది. అందుకే పారదర్శక పైపు. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే రబ్బరు పైపు బదులు దాన్ని బిగించి ఇంజను నడపండి. కొత్తగా బిగించినప్పుడు కాసేపు బుడగలు వస్తాయి, అవి లెక్కలోకి రావు. ఆగకుండా వస్తూనే ఉంటే పైపును ఒక్కో జాయింటుకు ముందుకు జరుపుకుంటూ ట్యాంకు వైపు పోండి. బుడగలు ఎక్కడ ఆగిపోతాయో దానికీ, అంతకుముందు చూసిన చోటుకూ మధ్యే చిల్లు ఉంది.

సాధారణంగా దొరికేది ఫిల్టర్ ఓరింగు, బాంజో బోల్టు (లోపలి నుంచి డీజిల్ పారేలా తొలిచిన బోల్టు) కింది కాపర్ వాషర్, క్లిప్పు కింద చీలిన రబ్బరు పైపు చివర, లేదంటే ప్రైమరే. పాత కాపర్ వాషర్‌ను తిప్పి వేయడం మానేయండి, కొత్తది పది ఇరవై రూపాయల వ్యవహారం. చీలిన పైపు చివర కోసి మళ్లీ ఎక్కించే బదులు డీజిల్ హోసు అని అడిగి మొత్తం మార్చండి. నీళ్ల పైపు వేస్తే డీజిల్‌కు మెత్తబడి ఉబ్బుతుంది.

సిలిండర్‌ను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్‌లు ఉన్న ఇంజనైతే డిసెంబరు, జనవరి చలిలో వాటినీ అనుమానించొచ్చు. అప్పుడు సెల్ఫ్ కొడుతున్నంత సేపూ సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంది. డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, మండటం లేదు అని దానర్థం. పొగే లేదంటే డీజిలే చేరడం లేదు. మే నెల ఎండలో హీటర్ ప్లగ్ మార్చమనేవాడి మాట వినకండి.

"ఖాళీగ ఉరుకుతది, లోడుకు గుంజుతలేదు"

సైలెన్సర్ చూడండి. నల్లపొగ కొడుతూ గుంజకపోతే గాలి తక్కువైంది. పొగ లేకుండానే గుంజకపోతే డీజిల్ తక్కువైంది. ఈ ఒక్క గుర్తు సగం పని తగ్గిస్తుంది.

నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టర్ విప్పండి. జమ్మికుంట, పరకాల వైపు పత్తి మిల్లులకు తిరిగే బళ్లలో ఫిల్టర్ మీద దూది తెట్టులా కట్టి ఉంటుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల బళ్లకు తెల్లటి దుమ్ము. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) ఉంటే దాని ముందుభాగం కూడా చూడండి. టర్బో హోసు చీలినా నల్లపొగే వస్తుంది, రేజు చేసినప్పుడు సుస్సుమనే చప్పుడు తోడవుతుంది.

పొగ లేదంటే ముందు ట్యాంకు మూత తీయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి బాగా గుంజితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత శుభ్రం చేస్తే పని అయిపోయింది. కాకపోతే డీజిల్ ఫిల్టర్. అది కొత్తదే అయితే ట్యాంకు అడుగున పీల్చే పైపు జాలీ. దాన్ని ట్యాంకు దించకుండానే తేల్చొచ్చు. శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ఫిల్టర్ ఇన్‌లెట్ పైపును అందులో ముంచి, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అందులోకే వదిలి ఇంజనును బాగా రేజు చేయండి. క్యాన్ మీద చక్కగా లేస్తే లోపం ట్యాంకుదో, ట్యాంకు పైపుదో.

సీఆర్‌డీఐలో వీటితోపాటు చెక్ లైట్ వెలిగి బండి ఒక వేగానికి మించి పోనంటుంది. స్కానర్ (ఇంజను కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించినప్పుడు కోడ్ చదివి తుడిచేయనివ్వకండి. లోడులో రైల్ ప్రెషర్ ఎంత కావాలంటోంది, ఎంత వస్తోంది, రెండూ పక్కపక్కన చూపించమనండి. రెంటికీ పొంతన లేకపోయినా ముందు ఫిల్టరే మార్చండి, పంపు ఆ తర్వాత.

వర్షాకాలంలో మొదలయ్యే మిస్సింగ్

కోత మిషన్లకూ ట్రాక్టర్లకూ క్యాన్లలో, డ్రమ్ముల్లో డీజిల్ తెచ్చి ఊర్లో పెట్టుకుంటారు. అందులోంచే పికప్‌కూ నాలుగు లీటర్లు పోస్తారు. నీళ్లు వచ్చేది అక్కడి నుంచే. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదిలి గాజు సీసాలో పట్టి కాసేపు పెట్టండి. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరి గీత గీసినట్టు విడిపోతాయి. మధ్యలో నల్లటి జిగురు పొర కనబడితే ట్యాంకులో నాచులాంటిది పెరిగింది, ఫిల్టర్ మారిస్తే చాలదు, ట్యాంకు దించి కడగాల్సిందే. పంపుకూ ఇంజెక్టర్‌కూ ఆయిల్ వేరే ఉండదు, డీజిలే వాటికి నూనె. నీళ్లు పోతే తుప్పు, గీతలు తప్పవు.

కొత్త ఫిల్టర్‌లో పైనుంచి డీజిల్ నింపి బిగించే పాత అలవాటు సీఆర్‌డీఐకి పనికిరాదు. వడపోయని డీజిల్ సూటిగా పంపులోకి పోతుంది. ఖాళీగా బిగించి ప్రైమర్‌తో నింపండి.

ఐడ్లింగ్‌లో వణుకు, ఒక సిలిండర్ కొట్టనట్టు

మెకానికల్ బండికి ఒక్కో నాజిల్ నట్టూ వదులు చేసి చూడండి. ఏది వదిలినా ఇంజను కుంగాలి. ఏది వదిలినప్పుడు తేడా రాలేదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. మిస్సింగ్ దాని వెంటే పోతే నాజిల్, అక్కడే ఉంటే టాపెట్ (వాల్వు సెట్టింగ్) లేదా కంప్రెషన్.

సీఆర్‌డీఐకి బాటిల్ టెస్ట్. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి, ఒకే సైజు నాలుగు బాటిళ్లలోకి వదిలి, రిటర్న్ లైన్ మూసి, కాసేపు నడపండి. మూడు సమానంగా నిండి ఒకటి రెట్టింపు నిండితే దొంగ దొరికినట్టే. వేడెక్కాక బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడానికి కూడా తరచూ ఇదే కారణం, రిటర్న్ ఎక్కువైతే సెల్ఫ్ వేగానికి రైలులో ప్రెషర్ నిలబడదు. నాలుగూ మార్చమంటే ముందు ఈ బాటిళ్లు చూపించమనండి. ఇంజెక్టర్ మీద కోడ్ చెక్కి ఉంటే కొత్తదాని కోడ్‌ను స్కానర్‌తో ఈసీఎంలో, అంటే ఇంజను కంప్యూటర్‌లో, ఎక్కించాలి, లేదంటే కొత్తదేసినా వణుకు పోదు.

ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి గడ్డ, ఛఫ్ ఛఫ్ చప్పుడు ఉంటే ఇంజెక్టర్‌ది తప్పు కాదు. కింది కాపర్ వాషర్ కాలిపోయి సిలిండర్ గాలి బయటికొస్తోంది.

రోటరీ పంపు పైన డీజిల్ తడి, ఐడ్లింగ్ పైకీ కిందికీ

రోటరీ అంటే మెకానికల్ పంపులోనే ఒక రకం. ఎక్స్‌లేటర్ లివర్ కింది షాఫ్ట్ సీలు పోయింది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) సల్ఫర్ డీజిల్, 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం డీజిల్ వస్తోంది. ఇలాంటి డీజిల్‌కు పాతకాలం నైట్రైల్ రబ్బరు సీళ్లు కుంచించుకుపోతుంటాయి. సీల్ కిట్ వేయించేటప్పుడు విటాన్ రబ్బరు సీళ్లు అడగండి.

నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతే

మెకానికల్ పంపుకు స్టాప్ సోలనాయిడ్ (కరెంటుతో డీజిల్‌ను వదిలి, ఆపే వాల్వు) చూడండి. తాళం తిప్పగానే టిక్ మనాలి. మనకపోతే దాని తీగకు 12 వోల్టులు వస్తున్నాయా లేదా చూసుకోండి. ధాన్యం గోదాముల్లో నిలిపే బళ్లకు ఎలుకలు కొరికిన తీగలు మామూలే. సీఆర్‌డీఐకి సెల్ఫ్ కొడుతుంటే స్కానర్‌లో ఆర్పీఎం సున్నా చూపిస్తే ఇంజను తిరిగే వేగం పసిగట్టే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్.

ఇవన్నీ చూశాకా పంపు మీదే తేలితే, విప్పేముందు పంపు ఫ్లాంజికీ (ఇంజనుకు బిగించే అంచుకు) ఇంజను బాడీకీ కలిపి ఒక గీత గీయించండి, మళ్లీ ఎక్కించేటప్పుడు టైమింగ్‌కు అదే ఆధారం. విప్పిన ప్రతి పైపు మూతికీ ప్లాస్టిక్ మూత పెట్టాలి, గుడ్డ కుక్కొద్దు. ల్యాబ్‌లో మెషిన్ మీద ఎక్కించి రీడింగ్ చూశాకే ఏ సామాను మార్చాలో మాట్లాడుకోండి, పాత సామాను సంచిలో వేయించుకుని తెచ్చుకోండి.