ఏటికొప్పాక బొమ్మలతో సంతకు బయలుదేరే ముందు

ఎండ: మొదట చూసుకోవలసింది ఇదే. అంకుడు కర్రకు పట్టించిన లక్క వేడికి మెత్తబడుతుంది. బొమ్మలు ఒకదానికొకటి అంటుకుంటాయి, మెరుపు పోతుంది. ఒక్కో బొమ్మను విడిగా మెత్తని నూలు గుడ్డలో చుట్టండి. వార్తాపత్రిక వద్దు, మెత్తబడిన లక్కకు సిరా అంటవచ్చు. పెట్టెను బస్సు ఇంజను పక్కన గానీ, తలుపులు మూసిన కారులో గానీ ఉంచకండి. వీలైతే ముందురోజే వెళ్లి, మధ్యాహ్నం తర్వాత నీడ ఎటు పడుతుందో చూసి చోటు ఎంచుకోండి.

పసిపిల్లల బొమ్మలు: గిలక్కాయల పిడులు, బండి చక్రాలు, బొంగరాల మొనలు వేలితో తడిమి చూడండి. వదులైన ముక్క ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా ఇంట్లోనే వదిలేయండి. పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకుంటారు.

రంగులు: మొక్కల నుంచి తీసిన రంగుల బొమ్మలను, రసాయన రంగులవాటిని కలిపి పేర్చకండి. అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2017లో ఈ బొమ్మలకు దక్కిన భౌగోళిక గుర్తింపును (ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ట్యాగ్‌ను) నిలబెట్టేది అమ్మేవారి మాటే.

ధర: కర్ర, లక్క, రవాణా, స్థలం అద్దె, ఆ రోజు భోజనం ఇంటి దగ్గరే లెక్క వేసుకోండి. మీ కూలి కూడా అందులో వేయండి. దాన్ని వదిలేసి లాభం వచ్చిందనుకునేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. "బోణీ బేరం" అనగానే ఎంతవరకు దిగవచ్చో ముందే తేల్చుకోండి.

చిల్లర, క్యూఆర్ కోడ్ అట్ట, చేతివృత్తుల గుర్తింపు కార్డు నకలు, వానకు టార్పాలిన్, ఇవన్నీ సంచిలో పెట్టారా?