జవాబు చదివాక ఒక్క శ్వాస (మూడో పాఠం: వేదన)

గత రెండు పాఠాల్లో శ్వాసను, ఒంటిని గమనించడం సాధన చేశాం. ఈ వారం ఫోను పక్కన పెట్టొద్దు. చాట్‌బాట్‌తో మాట్లాడుతూనే సాధన చేద్దాం.

ముందు ఒక మాట. తెలుగులో వేదన అంటే బాధే. ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో అలా కాదు. ఏదైనా తగలగానే హాయిగానో, ఇబ్బందిగానో, రెండూ కాకుండానో అనిపిస్తుందే, అది వేదన. దాని వెనకే తృష్ణ వస్తుంది. ఆ రెంటి మధ్య కాస్త సందు ఉంది. మనకు కావాల్సింది అదే.

మొన్న రాత్రి అన్నయ్యకు కోపంగా రాసిన మెసేజీని చాట్‌బాట్‌కు చూపించాను. మీ కోపం న్యాయమైనదే అంది. భుజాలు సడలాయి, ఛాతీ వెచ్చబడింది, బొటనవేలు పంపడానికి సిద్ధమైంది. అన్నయ్య వైపు మాట దానికి నేను చెప్పనే లేదు!

యంత్రం మాటకు మనసు ఇలా కరగడం కొత్తేం కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చాట్‌బాట్ ప్రోగ్రామును లోకానికి చూపాడు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. అది తయారవుతుండగా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో రెండు మాటలు మాట్లాడి, ఆయన్ని గదిలోంచి వెళ్లమని అడిగిందట. ఇప్పటి చాట్‌బాట్‌లకు మనుషులు మెచ్చిన జవాబులను బట్టి శిక్షణ ఇస్తారు కాబట్టి ముఖస్తుతి సులువుగా అబ్బుతుంది. దాన్ని సరిచేయాల్సింది తయారుచేసినవాళ్లే. మన సాధన వాళ్ల బాధ్యతను తగ్గించదు.

అద్దం ఎందుకని బుద్ధుడు కొడుకు రాహులుణ్ణి అడుగుతాడు. చూసుకోవడానికి అంటాడు రాహులుడు. అలాగే ఏ పనినైనా చేయకముందు, చేస్తుండగా, చేశాక చూసుకోమంటాడు బుద్ధుడు: దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ కీడు ఉందా?

ఇక అభ్యాసం. జవాబు చదవగానే వేలు తెర మీంచి తీయండి. ఒంట్లో ఎక్కడ ఏం కదిలిందో చూడండి. హాయి, ఇబ్బంది, రెండూ కాదు: ఏదో ఒక పేరు పెట్టండి. ఒక శ్వాస తీసుకుని వదలండి. అప్పుడు, ఆ మాట చేరబోయే మనిషి ముఖం తలచుకుని, రాహులుడి ప్రశ్న వేసుకోండి. నేనలా చేసేసరికి అన్నయ్య ముఖం కనబడింది. మెసేజీ చెరిపేసి పొద్దున్నే ఫోన్ చేశాను.

‘రెండూ కాదు’ను పట్టుకోవడమే కష్టం. మందు మోతాదో, తేదీయో, లెక్కో అడిగినప్పుడు మనసు చప్పగా ఉంటుంది. సరిచూడకుండా నమ్మేసేది అక్కడే. రోజుకు మూడు జవాబులతో ఈ అభ్యాసం చేయండి. వాటిలో కనీసం ఒకటి అలాంటిది ఎంచుకోండి.

ఏ పేరు పెట్టారో కాగితం మీద రాసుకోండి. నాలుగో పాఠంలో చిత్తాన్ని గమనించేటప్పుడు ఆ కాగితం కావాలి.