జపాన్ వారి తమాషా ‘దినాలు’: తేదీలో దాగిన మాటను పట్టుకోవడం ఎలా?

జపాన్‌లో ఫిబ్రవరి 22 పిల్లుల దినం. నవంబరు 1 కుక్కల దినం. ఆగస్టు 31 కూరగాయలది, జూన్ 4 పురుగులది. కళ్లు మూసుకుని క్యాలెండరు మీద వేలు పెట్టి ఎంచినవి కావివి. ఆ తేదీని జపనీస్‌లో పైకి చదివితే వస్తువు పేరో, జంతువు అరుపో వినిపిస్తుంది. ఈ అంకెల శ్లేషను అక్కడ గోరోఅవాసె అంటారు. దుకాణాల ఫోన్ నంబర్లకు, చరిత్ర పాఠంలో సంవత్సరాలు గుర్తు పెట్టుకోవడానికి కూడా ఇదే ఆధారం. జపనీస్ రాకపోయినా పదీ పదిహేను శబ్దాలు చేతిలో ఉంటే చాలా దినాల గుట్టు మీరే విప్పొచ్చు, కాస్త ఓపిక ఉంటే సొంతంగా ఒకటి కట్టొచ్చు కూడా.

1. ముందు తేదీని తిరగేయండి

జపాన్‌లో నెల ముందు, రోజు తర్వాత. 3/9 అని కనబడితే మనకు సెప్టెంబరు 3. వారికి మార్చి 9. తెలుగువాళ్లు తప్పటడుగు వేసేది ఎక్కువగా ఇక్కడే. సరిగ్గా తిప్పి చదివితే 3 సాన్, 9 క్యూ, కలిపితే ‘సాన్‌క్యూ’. థాంక్యూని జపాన్‌వాళ్లు పలికే తీరు అదే, కాబట్టి మార్చి 9 కృతజ్ఞతల రోజు. ముందు సున్నాలు పెట్టకండి: 03/09 అని రాస్తే లేని శబ్దాలు వచ్చి చేరతాయి.

2. ఒక్కో అంకెకు ఉన్న శబ్దాలు రాసి పెట్టుకోండి

జపనీస్‌లో దేశీయమైన లెక్క ఒకటి, చైనా నుంచి వచ్చిన లెక్క ఇంకొకటి పక్కపక్కనే నడుస్తాయి. పైన ఇంగ్లిషు కూడా కలిసింది. అందుకే ప్రతి అంకెకూ మూడు నాలుగు పలుకుబడులు. తరచుగా వాడేవి ఇవి:

0: రెయ్, జెరో, మరు (గుండ్రం), వ (వలయం), ఓ
1: ఇచి, హితొ, ఇ, వన్
2: ని, ఫు, త్సు
3: సాన్, మి, మిత్సు, స
4: షి, యోన్, యో
5: గో, ఇత్సు, కో
6: రోకు, ము, రో
7: షిచి, నన, న
8: హచి, య, హ, ప
9: క్యూ, కు
10: జూ, తో

ఈ జాబితాతో పైన చెప్పిన నాలుగూ తేలిపోతాయి. పిల్లి జపాన్‌లో ‘న్యాన్’ అంటుంది, 2/22 అంటే ని-ని-ని, అదే న్యాన్-న్యాన్-న్యాన్. కుక్క ‘వన్’ అని మొరుగుతుంది. 11/1లో మూడు ఒకట్లు. ఈ రెండు దినాలూ 1987 నుంచి ఉన్నాయి. 8/31: య-స-ఇ, యసాయి అంటే కూరగాయ. 6/4: ము-షి, పురుగు.

3. కత్తిరింపు ఎక్కడో చూడండి

తేదీని ఎక్కడ విడగొట్టాలన్నదానికి నియమం లేదు. అక్టోబరు 4ను 1-0-4గా విడగొడితే ఇ-వ-షి, సార్డిన్ చేప. అదే అక్టోబరు 2లో 10ని కలిపే ఉంచాలి: తో-ఫు, టోఫు (సోయా పనీర్) దినం. ఫిబ్రవరి 14 ఇంకా తమాషా. అందులోని 14ను 10, 4గా విడదీసి ఫు-న్-దో-షి అని చదువుతారు. ఫుందోషి అంటే గోచీ. లోకమంతా గులాబీలు పంచుకునే రోజున జపాన్‌లో గోచీ దినం కూడా నడుస్తుంది.

అంకెలను అటూ ఇటూ మార్చి చూడటమూ మంచి అలవాటే. 3/8 మిత్సు-బచి, తేనెటీగ. 8/3 హచి-మిత్సు, తేనె. మార్చిలో తేనెటీగ దినం, ఆగస్టులో తేనె దినం. ఈ పద్ధతిలో ఇంతకంటే నాజూకైన జంట మరొకటి దొరకడం కష్టం.

4. ఎంత సడలింపు చెల్లుతుందో తెలుసుకోండి

పై రెండు ఉదాహరణల్లోనూ తో అన్నది దో అయింది, హచి అన్నది బచి అయింది. త-ద, క-గ, స-జ, హ-బ-ప మార్పులు జపనీస్‌లో మామూలే కాబట్టి వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. దీర్ఘాలు తగ్గించడం, మధ్యలో ‘న్’ చేర్చడం కూడా చెల్లుతాయి. 8/2 ప-న్-త్సు, లోదుస్తుల దినం అయింది అలాగే.

అక్షరాలు మింగేయడం మాత్రం అనుమానంగా చూడాల్సిన పని. ఆగస్టు 29 యకినికు (కాల్చిన మాంసం) దినం. కానీ 8-2-9లో య, ని, కు మాత్రమే ఉన్నాయి, ‘కి’ ఎక్కడా లేదు. ఆగస్టు 10 యకితోరి (పుల్లకు గుచ్చి కాల్చిన కోడిమాంసం) దినం. అక్కడ కి, రి రెండూ గల్లంతు. ‘29 అంటే నికు, మాంసం’ అని జనానికి ముందే అలవాటు కావడంతో మొదటిది నిలబడిపోయింది. ప్రతి నెలా 29న మాంసం దుకాణాల్లో తగ్గింపు ధరలు పెడతారు కూడా. రెండోదాన్ని ఎవరైనా విప్పి చెబితే తప్ప నాకు వినిపించదు. (మన కర్ణాటక సంగీతంలో అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది లెక్కలో 29 ధీరశంకరాభరణం రాగం. అదే 29 జపాన్‌లో మాంసం.)

5. నవంబరు కనిపిస్తే ‘మంచి’ అని చదవండి

11 అంటే ఇ-ఇ, ‘ఈ’. జపనీస్‌లో ఆ మాటకు మంచి అని అర్థం. దాంతో నెల మొత్తం మంచివాటికి రిజర్వు అయిపోయింది. 11/8 మంచి దంతాలు, 11/26 మంచి స్నానం, 11/29 మంచి మాంసం, 11/22 మంచి దంపతులు (ఈ ఫూఫు). ఆ 22న పెళ్లి నమోదు కాగితాలు ఇవ్వడానికి పురపాలక కార్యాలయాలకు జంటలు ప్రత్యేకంగా వస్తాయి.

6. చెవికి దొరక్కపోతే కంటికి పని పెట్టండి

నవంబరు 11 పుల్లల్లాంటి ‘పాకీ’ (Pocky) బిస్కెట్ల దినం. ఇందులో శ్లేష లేదు, నాలుగు ఒకట్లు నాలుగు పుల్లల్లా ఉన్నాయంతే. గ్లికో కంపెనీ దీన్ని 1999లో మొదలుపెట్టింది. అది చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే హెయ్‌సెయ్ శకంలో 11వ ఏడు, కాబట్టి ఆ తొలి రోజున ఆరు పుల్లలు వరుసగా నిలబడ్డాయి. అదే తేదీ బ్యాటరీలది కూడా: చైనా లిపిలో పది ప్లస్ గుర్తులా, ఒకటి మైనస్ గుర్తులా ఉంటాయి. అక్టోబరు 10 కళ్ల సంరక్షణ దినం. 10ని పక్కకు పడుకోబెడితే ఒకటి కనుబొమ్మ, సున్నా కన్ను.

అన్నిటికన్నా తెలివైనది ప్రతి నెలా 22న వచ్చే షార్ట్‌కేక్ దినం. 2-2లో కేకు ఎంత వెతికినా దొరకదు. గోడ క్యాలెండరు తీసి 22కు సరిగ్గా పైన ఏ అంకె ఉందో చూడండి. ఏ నెలైనా, ఏ ఏడైనా అక్కడ 15 ఉంటుంది. 15 అంటే ఇచి-గో, స్ట్రాబెర్రీ. జపాన్ షార్ట్‌కేక్ మీద కూర్చునేది స్ట్రాబెర్రీయే. ఇది సెండాయ్ నగరంలోని ఒక కేకుల దుకాణం ఆలోచన.

ఇవేవీ కుదరకపోతే అది శ్లేష కాకపోవచ్చు, అక్కడితో ఆపేయండి. ఆగస్టు 25 ఇన్‌స్టంట్ రామెన్ (నూడుల్స్) దినం. 1958లో ఆ రోజున చికెన్ రామెన్ అమ్మకానికి వచ్చింది, అంతే సంగతి.

7. సొంత దినం కట్టాలంటే

తేదీతో మొదలుపెట్టకండి. మాటతో మొదలుపెట్టండి. ఉదాహరణకు ఇడ్లీ. జపనీస్‌లో ఇ-దొ-రీ అవుతుంది. ఇ=1, దొ=10 వరకు బాగానే ఉంది, ‘రి’ పలికే అంకె లేదు, పని ఆగిపోయింది. అదే దోశ? అక్కడ ‘దోసా’ అంటారు. దో=10, స=3. అక్టోబరు 3, ఒక్క అక్షరం కూడా మింగకుండా వచ్చింది.

ఇక మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, ఆ తేదీ ఉండాలి: 13వ నెల, ఫిబ్రవరి 30 వచ్చాయంటే మళ్లీ మొదటికి. రెండోది, చెడు శబ్దం రాకూడదు. 4ను షి అంటే చావు, 9ని కు అంటే బాధ అని కూడా వినిపిస్తాయి. 42, 49తో ముగిసే నంబరు ప్లేట్లను జపాన్‌లో మామూలుగా కేటాయించరు. అందుకే శుభం పలకాల్సినచోట 4ను ‘యో’ అని చదువుకుంటారు. మూడోది, మీ మాట చెప్పకుండా తేదీ మాత్రం ఒక జపనీస్ మిత్రుడికిచ్చి, ఇది తిండి పేరని సూచన ఇవ్వండి. రెండు మూడు ఊహల్లో పట్టుకోలేకపోతే మీ శ్లేష మీకు మాత్రమే వినిపిస్తోందన్నమాట.

ఇప్పటికే ఆ రోజు ఎవరిదో చూసుకోవాలి, అయితే దానికి భయపడక్కర్లేదు. అక్టోబరు 3 పర్వతారోహణ దినం కూడా (తో-జాన్). ఒకే తేదీకి ఎన్ని దినాలైనా ఉండొచ్చు. 8/8, 11/11 లాంటివి ఎప్పుడో కిక్కిరిసిపోయాయి.

అధికారికంగా కనిపించాలంటే 1991లో మొదలైన జపాన్ స్మారక దినాల సంఘానికి దరఖాస్తు పెట్టాలి. ఇది ప్రభుత్వ సంస్థ కాదు, ఇక్కడ నమోదైనంత మాత్రాన సెలవు రాదు. సెలవులు చట్టం ప్రకారం ఏటా 16. దినం పేరు, తేదీ, ఆ తేదీనే ఎంచడానికి కారణం రాసివ్వాలి. సంఘం పరిశీలించి ఒప్పుకుంటే రుసుము కట్టాక ధ్రువపత్రం ఇస్తుంది. కారణం రాసేచోట ‘10 అంటే దో, 3 అంటే సా’ అని ఒక్క వాక్యంలో ముగిసేలా ఉండాలి. అక్కడ మీకు రెండో వాక్యం అవసరమైతే వేరే తేదీ వెతకండి.