పేగులో పేగు దూరిందన్న అనుమానంతో ఆసుపత్రికి వెళ్లే ముందు

పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోవడం (ఇంటస్ససెప్షన్) పెద్దవాళ్లలో అరుదు. అందుకే గ్యాస్ నొప్పి అనుకుని రోజులు గడిపేస్తారు.

• నొప్పి వచ్చిపోతూ, వాంతులు గానీ, మలంలో రక్తం గానీ ఉంటే విరేచనాల మందు, ఎనిమా వద్దు. ఏమీ తినిపించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

• సీటీ స్కాన్‌కి ముందు కిడ్నీ జబ్బు, మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వాడకం, కాంట్రాస్ట్ (స్కాన్‌లో పేగులు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) అలర్జీ, గర్భం సంగతి చెప్పండి.

• రక్తం పలుచన చేసే మాత్రల చీటీ మర్చిపోవద్దు.

• పసిపిల్లలకు మలద్వారం గుండా గాలి ఎక్కించి సరిచేస్తారు కదా, మాకెందుకు ఆపరేషన్ అని అడుగుతారు. పెద్దల్లో చాలావరకు లోపల గడ్డ ఉంటుంది. పెద్దపేగులో అయితే అది క్యాన్సర్ కావచ్చు. అందుకే సాధారణంగా ఆ భాగాన్ని కోసి తీసేస్తారు. పేగుకి రక్తం ఆగితే కుళ్లిపోతుంది, దయచేసి ఆపరేషన్ ఒప్పుకోలు సంతకానికి ఆలస్యం చేయకండి.

• లక్షణాలు లేకుండా, చిన్నపేగులో కొద్దిమేర మాత్రమే దూరినట్టు స్కాన్‌లో కనిపిస్తే దానంతటదే సర్దుకోవచ్చు. ఆ మాట సర్జనే చెప్పాలి.