ఇసుక నేలలో చెక్ డ్యామ్: అడుగున పాకే నీటి లెక్క

మురుగు కాలువ మీద కట్టిన చిన్న చెక్ డ్యామ్ కూలిందంటే చాలాసార్లు నేరం అడుగున పాకిన నీటిదే. డెల్టాలో పునాదికి రాయి తగలదు. 1852 నాటికి ధవళేశ్వరంలో కాటన్ ముగించిన ఆనకట్ట కూడా ఇసుక మీదే నిలిచింది. కాబట్టి ముందు ఊట దారి, అంటే కట్టడం అడుగున నీరు పాకే దారి, పొడవు తేల్చుకోవాలి.

దీన్ని లెక్కకట్టే లేన్ పద్ధతిలో నిలువు దారి మొత్తానికి అడ్డం దారిలో మూడో వంతు కలుపుతారు. మరీ సన్నని ఇసుక, ఒండ్రు ఉన్నచోట ఆ మొత్తం ఎగువ దిగువ నీటి మట్టాల తేడాకి 8.5 రెట్లు ఉండాలి. తేడా 1 మీటరు, ఎగువ కటాఫ్ గోడ (ఊటకి అడ్డంగా నేలలోకి దింపే గోడ) 1.5, దిగువది 2 మీటర్ల లోతు అనుకోండి. నీరు ఒక్కో గోడ దిగి మళ్లీ ఎక్కాలి కనుక 7 మీటర్లు. 8.5కి తక్కువైన ఒకటిన్నర కోసం, అడ్డం దారి మూడో వంతే లెక్కకొస్తుంది కనుక, కాంక్రీటు ఫ్లోర్ 4.5 మీటర్లు పొడవుండాలి. తేడా కొలవాల్సింది దిగువ పూర్తిగా ఎండిన రోజున. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. ఫ్లోర్ మందానిది వేరే లెక్క, కింద నుంచి ఎత్తే ఒత్తిడిని బట్టి.

దాళ్వా కోతలై కాలువలకి నీళ్లు ఆపేశాక పని మొదలెట్టండి. ఊట తోడే గుంత పునాదికి బయట, పునాది కన్నా లోతుగా ఉండాలి. పునాది గుంతలోనే మోటారు పెడితే నీటితో ఇసుకా లేచి అడుగు గుల్లవుతుంది.

ఉప్పు గాలి తగిలే ఊళ్లలో కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకి తగ్గొద్దు, మిక్స్ డిజైన్ (పాళ్ల లెక్క) ల్యాబ్‌లో చేయించాలి. నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకి 22.5 లీటర్లు. 5 శాతం తడి ఉన్న 75 కిలోల ఇసుకలోనే మూడున్నర లీటర్లుంటాయి, అవి తీసేసి పోయాలి. మేస్త్రీ చెంబుతో ‘ఇంకాస్త’ అంటే ఒప్పుకోకండి. స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటైతే మే ఎండలో 14 రోజులు గోనెలు తడుపుతూనే ఉండాలి.

ఫ్లోర్ దిగువన పేర్చే రాళ్ల కింద ఫిల్టర్ తప్పనిసరి: అడుగున ఇసుక, పైన చిప్స్, ఆపైన కంకర. రాళ్లు నేరుగా ఒండ్రు మీద పేరిస్తే సందుల్లోంచి మట్టి లేచిపోతుంది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. వదులుగా, నీళ్లతో నిండిన సన్న ఇసుక అలాంటి కుదుపుకి పట్టు వదిలేస్తుంది. పునాది ఇసుక వదులుగా ఉంటే తీసి, పొరలుగా దిమ్మిస కొట్టాకే కాంక్రీటు వేయండి.

నీళ్లు నిలిపిన మొదటి వారం దిగువన రోజూ చూడండి. తేట నీరు ఊరితే పర్లేదు. నీరు ఉబికే బుగ్గ చుట్టూ చీమల పుట్టలా సన్న ఇసుక పోగైతే అడుగు కొట్టుకుపోతున్నట్టే. దాన్ని మట్టితో పూడ్చొద్దు, పక్కన ఇంకోటి లేస్తుంది. ఎగువ మట్టం దించి, బుగ్గ మీద ముందు ముతక ఇసుక, తర్వాత కంకర పోయండి.