తొలకరికి ముందు రిటుక్సిమాబ్ ఎక్కించుకునేవాళ్లకి

నాకు కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) వచ్చి పదకొండేళ్లు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ బిళ్ల ఒక్కటే సరిపోకపోయేసరికి డాక్టరుగారు రిటుక్సిమాబ్ మొదలుపెట్టారు. పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు, ఒక్కోసారి 1000 మిల్లీగ్రాములు, సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి దాని ఊసే ఉండదు. అసలు చిక్కు అక్కడే ఉంది. రోజూ మింగే బిళ్లయితే డబ్బా కళ్లెదుట ఉంటుంది. ఇది అలా కాదు. జూన్‌లో ఎక్కించుకున్న మందు ప్రభావం దసరాకీ ఒంట్లోనే ఉంటుంది, మనం మాత్రం మర్చిపోతాం. ఒక వానాకాలం జ్వరమొచ్చి వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే "ఏమైనా మందులు వాడుతున్నారామ్మా" అని అడిగాడు. "బీపీ బిళ్ల, వారానికోసారి కీళ్ల బిళ్ల, అంతే" అన్నాను. ఆయన స్టెరాయిడ్ సూది వేశాడు. రెండు రోజులు జ్వరం తగ్గినట్టే ఉంది. మూడో రోజు ఊపిరాడలేదు. న్యుమోనియా. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇంకెవరికీ అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఈ మందు ఏం చేస్తుందో తెలియాలి. రక్తంలో బి కణాలని ఉంటాయి. వాటి మీద సీడీ20 అనే గుర్తు ఉంటుంది. రిటుక్సిమాబ్ ఆ గుర్తును పట్టుకుని కణాలను ఖాళీ చేస్తుంది. మన కీళ్ల మీద దాడి చేయించేవాటిలో అవీ ఉన్నాయి కాబట్టి వాపు, నొప్పి తగ్గుతాయి. కానీ కొత్త రోగక్రిమి వస్తే దానికి విరుగుడు తయారుచేసే పని కూడా ఆ కణాలదే. అవి మళ్లీ పుట్టుకు రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఈ మందుకి 1997లో అమెరికాలో మొదట అనుమతి వచ్చింది లింఫోమా అనే క్యాన్సర్‌కి. కీళ్లవాతానికి 2006లో వచ్చింది. చాలా ఆస్పత్రుల్లో క్యాన్సర్ డే కేర్ వార్డులోనే మనకీ ఎక్కిస్తారు. అది చూసి చుట్టాలు బెంబేలెత్తిపోతారు. కంగారు పడొద్దని వాళ్లకి ముందే చెప్పండి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లోనే దీన్ని రెడిటక్స్ పేరుతో తయారుచేసింది.

టీకాల సంగతి మందు ఎక్కించుకోకముందే తేల్చుకోవాలి. బి కణాలు లేనప్పుడు వేయించుకున్న టీకా దాదాపు వృథా. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, హెపటైటిస్ బి టీకా లాంటివి మందు ఎక్కించే రోజుకి కనీసం నాలుగు వారాల ముందు పడాలి. జూన్‌లో మందు ఉంటే ఏప్రిల్ నెలాఖరుకే డాక్టరుని అడగండి. ప్రతిసారీ ఆలస్యమయ్యేది ఇక్కడే. అమ్మవారు పోసే జబ్బుకీ, తట్టుకీ వేసే టీకాల్లో క్రిమి ప్రాణంతో ఉంటుంది, కాబట్టి ఈ మందు మీద ఉన్నవాళ్లకి అవి పనికిరావు. ఎవరింట్లోనైనా అమ్మవారు పోసిందని తెలిస్తే ఆ గడప తొక్కకండి. తెలియక వెళ్లి వస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, పొక్కులు వచ్చేదాకా ఆగొద్దు.

హెపటైటిస్ బి పరీక్ష లేకుండా మొదటి సీసా ఎక్కనివ్వకండి. ఇది నా మాట కాదు, మందు కంపెనీలే పెట్టెలోని కాగితం మీద పెద్ద హెచ్చరికగా రాస్తాయి. ఒకప్పుడు వచ్చి పోయిన వైరస్ కాలేయంలో నక్కి ఉండి, ఈ మందు పడ్డాక మళ్లీ లేవొచ్చు. అందుకే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒక్కటే చాలదు, ఎప్పుడైనా సోకిందా అని చూసే యాంటీ హెచ్‌బీసీ కూడా చేయించాలి. మొదటిది నెగెటివ్ వచ్చినా రెండోది పాజిటివ్ రావచ్చు. అలా వచ్చినవాళ్లకి వైరస్ లేవకుండా బిళ్లలు ఇస్తారు. రిటుక్సిమాబ్ ఆపేశాక కూడా వాటిని కనీసం ఏడాది వాడాలి, మధ్యలో మానకూడదు. మందు మీద ఉండగా కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం బస్సెక్కకండి, నేరుగా పెద్దాస్పత్రికి వెళ్లండి. కీళ్లవాతానికే వాడే ఇంకో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకునేవాళ్లకైతే టీబీ భయం మరీ ఎక్కువ, దానికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. రిటుక్సిమాబ్‌కి ఆ భయం తక్కువే అయినా ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, తీయించుకోండి.

ఎక్కించే రోజుకి దగ్గు, జ్వరం, మూత్రంలో మంట, పంటి చీము, కాలి పుండు, ఏది ఉన్నా ముందు ఫోన్ చేసి చెప్పండి. "ఇంత దూరం వచ్చాం, లీవు పెట్టాం" అని దాచకండి. వారం వాయిదా పడితే కీళ్లు నొప్పెడతాయి, అంతే. పొద్దున టిఫిన్ తినే వెళ్లండి. ఎక్కించేటప్పుడు బీపీ పడిపోవచ్చు కాబట్టి ఆ పూట బీపీ బిళ్ల వేసుకోవాలో మానాలో ముందురోజే కనుక్కోండి. మందుకి అరగంట ముందు స్టెరాయిడ్, పారాసిటమాల్, అలర్జీ రాకుండా అవిల్ ఇస్తారు. స్టెరాయిడ్ వల్ల ఒకటి రెండు రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. అవిల్ మత్తుకి బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాలి.

మొదటిసారి గంటకి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుతారు. నాలుగైదు గంటలు పడుతుంది. తోడు వచ్చినవాళ్లు "కొంచెం స్పీడ్ పెంచండి సిస్టర్" అనకూడదు. రియాక్షన్ ఎక్కువగా వచ్చేది మొదటి సీసాకే, అదీ మొదటి రెండు గంటల్లో. గొంతు దురద, చలి, వణుకు, ఛాతీ బిగువు, కళ్లు తిరగడం, వీటిలో ఏది అనిపించినా వెంటనే పిలవండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, సిస్టర్ పనిలో ఉందని ఓర్చుకుంటారు. వెంటనే చెప్తే కాసేపు ఆపి, మెల్లగా మళ్లీ ఎక్కిస్తారు. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

ఇక ఇంటికొచ్చాక వానాకాలం మొదలవుతుంది. ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీలు దాటితే అది మామూలు జ్వరం కాదనే అనుకోండి. స్టెరాయిడ్ బిళ్లలు వాడేవాళ్లకి జ్వరం పైకి తెలియకపోవచ్చు కాబట్టి నీరసం, ఆయాసం, మాట తడబాటు కూడా లెక్కలోకే వస్తాయి. మన ఇళ్లలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఎప్పుడూ ఉంటాయి. జ్వరానికి వాటిని ముట్టుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ ఒక్కటే వేసుకుని డాక్టరుకి చూపించండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకోవచ్చో లేదో అడిగాకే వేసుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది విషమవుతుంది. మూత్రంలో మంటకో విరేచనాలకో షాపులో సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల ఇస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని అక్కడే చెప్పండి. ఆ రెండూ కలిస్తే మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది. రోజూ వేసుకునే స్టెరాయిడ్‌ని మాత్రం జ్వరమొచ్చిందని మీ అంతట మీరు ఆపకండి.

నీళ్లు కాచి తాగడం, బండి మీద పానీపూరీ మానడం మీకు తెలిసినవే. పొలం పనులకు వెళ్లేవాళ్లకి ఒక మాట చెప్పాలి. తడి మట్టిలో, నిలవ నీళ్లలో మెలియాయిడోసిస్ అనే జబ్బు కలిగించే క్రిమి ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదకి తెస్తుంది. నాట్లకి కాళ్లకి బూట్లు లేకుండా దిగొద్దు, కాలికి గాయముంటే అసలే దిగొద్దు. ఈ మందు తీసుకున్న ఆడవాళ్లు ఆఖరి డోసు తర్వాత ఏడాది వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. అత్తగారింట్లో చెప్పడం ఇబ్బందైతే డాక్టరుగారిచేతే చెప్పించండి.

రక్తకణాల పరీక్ష, రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసే ఐజీజీ పరీక్ష డాక్టరు రాసిన తేదీకి చేయించండి. తెల్లకణాలు మందు ఎక్కించిన కొన్ని నెలల తర్వాత కూడా ఉన్నట్టుండి పడిపోవచ్చు, అప్పుడు ఒంట్లో ఏ తేడా తెలియదు.

నేనిప్పుడు పర్సులో ఆధార్ వెనకాల ఒక అట్టముక్క పెట్టుకున్నాను. దాని మీద తెలుగులో, ఇంగ్లీషులో మందు పేరు, ఎక్కించిన రెండు తేదీలు, మెథోట్రెక్సేట్ ఏ రోజు వేసుకుంటానో, మా డాక్టరుగారి నంబరు, "స్టెరాయిడ్ సూది అడగకుండా వేయవద్దు" అని రాసి ఉంటుంది. పళ్ల డాక్టరుకైనా, ఆర్‌ఎంపీకైనా నోరు తెరవకముందే అది చూపిస్తాను. మా ఆయన దగ్గర ఇంకొకటి ఉంది, నేను స్పృహలో లేకపోతే చూపించడానికి.